ఒక దిబ్బ మీద ఒకడే రయీస్

గుఫ్త్
1977 నవంబర్ 12

తమ్ముడు రష్వాన్‌కి,

నువ్వూ నాన్నా క్షేమంగా చేరారని స్టేషన్ దగ్గర టీ కొట్టతను చెప్పాడు. తోడబుట్టినవాడివి, ఒక ముక్క రాసిపడేస్తే నీ చెయ్యి అరిగిపోతుందా? నాన్నకి రాయడం రాదు. నీకు వచ్చు. ఆయన డిప్లమా దాకా చదివించింది ఇందుకేనని గుర్తు చేస్తున్నాను.

ఇక్కడంతా బాగానే ఉన్నాం. నల్లమేక ఈనింది. ఎండలో పొంగించి కాల్చిన రొట్టెలు మూటకట్టి ఇచ్చాను కదా, అవి నాన్న కోసం. దారిలోనే నువ్వు సగం ఖాళీ చేసి ఉంటావని నాకు తెలుసు. బయల్దేరేటప్పుడు నాన్న గుమ్మంలో నిలబడి చెప్పులు వెతుక్కోవడం తలుచుకుని ఇంకా నవ్వుకుంటున్నాం. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి! ఆయనా నవ్వాడు, పాపం.

అసలు సంగతికి వస్తాను. మా ఆయన కందీల్‌ని ఈ సీజన్‌లో దిబ్బలు తవ్వే మన ముఠాలోకి తీసుకోమని నాన్నని అడుగు. ఆ వేళ నేనే అడిగేదాన్ని, ప్రయాణమయ్యే మనిషిని గుమ్మంలో ఆపడం ఇష్టంలేక ఊరుకున్నాను. మొన్న చెరకు తోటలో కూలీల మీద ఉండే ఖవ్లీ అందరి ముందూ బెత్తంతో ఆయన తలపాగా కింద పడగొట్టాడట. ఈయన తీసి, దులుపుకుని, మళ్ళీ పెట్టుకుని చెరకు కోశాడట. ఇంటికొచ్చి నాతో అనలేదు. గట్టు మీద గడ్డి కోసే ఆడవాళ్ళు చెప్పారు.

ఖవ్లీ కావాలంటే బెత్తమూ నోరూ ఉంటే చాలు. తవ్వకం ముఠాకి పెద్ద, రయీస్ అలా కాదు కదా. నాన్న తట్ట మోసి, పార పట్టి, మట్టి రంగు చూసి ఇది గోడ, ఇది నేల అని చెప్పగలిగాకనే మనుషులు ఆయన్ని ఆ మాటతో పిలిచారు. ఇన్నేళ్ళలో ఒక్కడి మీద చెయ్యి ఎత్తలేదు. తిట్టడమంటావా, తిడతాడు. నువ్వు తట్ట కుడి భుజం మీద పెట్టుకున్నప్పుడల్లా "ఒరేయ్ గాడిదా, ఎడమ! గోతివైపు పెడతావేంరా!" అని దిబ్బంతా దద్దరిల్లేట్టు అరిచేవాడని నువ్వే చెప్పేవాడివి. అలాంటి తిట్లు మా ఆయన తిన్నా నాకు సంతోషమే.

జవాబు వెంటనే రాయి.

నీ అక్క
ఇన్సాఫ్


అబూ నఈమ్ దిబ్బ
1977 నవంబర్ 27

అక్కకి,

రొట్టెల మీద నీ అనుమానం అన్యాయం. సగం కాదు, రెండే తిన్నాను.

బక్రీద్ ఇక్కడే అయిపోయింది. మనవాళ్ళంతా కలిసి ఒక పొట్టేలు కొన్నారు. డెల్టా చలి మన చలి కాదు, బట్టల్లోకి నీళ్ళలా దిగుతుంది. నేల కూడా తడి నేల. మన వైపు తవ్విన గోడ ఏళ్ళతరబడి నిలబడుతుంది, ఇక్కడ సాయంత్రం నిలువుగా ఉన్నది పొద్దుటికి ఒంగుతుంది. చాలా జాగ్రత్తగా ఉండాలి.

ఈ పాత ఊరి తవ్వకాలు నడిపించే ముదీర్ ఈసారి కొత్త దొర. మన భాష పుస్తకాల్లో నేర్చుకున్నాడు. మంచినీళ్ళు అడిగినా మసీదులో శుక్రవారం ప్రసంగం చేస్తున్నట్టే ఉంటుంది. మన ముఠాలో షాజలీ ఆయన్ని అనుకరిస్తే మేమంతా పొట్ట పట్టుకుని నవ్వుతాం. ఆయన పుస్తకంలో గీతలు గీసుకుంటాడు, ఆ గీత ప్రకారం మనుషుల్ని నడిపించేది రయీస్.

బావ సంగతి నాన్నని అడిగాను. ఈ ఏడు వద్దన్నాడు. ముఠా నిండిపోయింది. బావని ఏమీ అనుకోవద్దని చెప్పు.

నాన్న బాగానే ఉన్నాడు. నీకు దీవెనలు చెప్పమన్నాడు.

తమ్ముడు
రష్వాన్


గుఫ్త్
1977 డిసెంబర్ 20

రష్వాన్‌కి,

దీవెనలా? నాన్న నాకు ఎప్పుడైనా దీవెనలు పంపాడా? ప్రతి ఉత్తరం చివరా "చీమకి చెప్పు, పొయ్యి దగ్గర ముసుగు జాగ్రత్త" అని ఉండాలి. చిన్నప్పుడు గౌను ఒళ్ళో మట్టి మోసుకొచ్చి ఇంటి ముందు పోసేదాన్నని నాకు చీమ అని పేరు పెట్టింది ఆయనే. పెళ్ళయి, నలుగురు పిల్లలు పుట్టాక కూడా ఆ మాట మానలేదు. ఇప్పుడు దీవెనలట. ఎవరో పరాయి ఇంటి కోడలికి పంపినట్టు.

నేను కందీల్ పని గురించి అడగడం ఆయనకి నచ్చలేదా? అల్లుడు ముఠాలో ఉంటే పదిమందిలో మాట వస్తుందని అనుకున్నాడా? అయితే ఆ మాటే చెప్పమను. కోపం వస్తే తిట్టమను. నాన్న తిట్టకపోవడం నాకు చాలా కొత్తగా ఉంది, కష్టంగానూ ఉంది.

కందీల్ నీ ఉత్తరం విన్నాడు. "చోటు లేకపోతే ఎక్కడ పెడతారులే" అని కొడవలి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఖవ్లీ దగ్గరికే.

ఈ ఉత్తరం నాన్నకి చదివి వినిపించు. మొత్తం. నీకు ఇష్టం లేనివి వదిలేయకు. ఎండు బెండకాయ పొడి, చెరకు పాకం పంపుతున్నాను. పాకం డబ్బా మూత వదులు, నిలబెట్టి ఉంచు.

ఇన్సాఫ్


అబూ నఈమ్ దిబ్బ
1978 జనవరి 16

అక్కకి,

డబ్బా అందింది, సగం పాకం గోనెసంచీ తాగేసింది.

ఉత్తరం చదివి వినిపించాను. నాన్నకి నీ మీద కోపమేమీ లేదు. అలాంటివి మనసులో పెట్టుకోకు. ఇక్కడ వానలు, పని వెనకబడింది, కూర్చుని రాయడానికి కుదరడం లేదు. కందీల్ బావని ఈ ఏడు నేను తీసుకోలేను. వచ్చే ఏడు చూద్దాం. పిల్లల్ని అడిగానని చెప్పు.

రష్వాన్


గుఫ్త్
1978 ఫిబ్రవరి 24

రయీస్ రష్వాన్ గారి సముఖానికి,

ఇలాగే కదా తమరిని పిలవవలసింది?

"నేను తీసుకోలేను" అని రాశావు. చదివినప్పుడు ఏదో గుచ్చుకుంది, ఏమిటో తెలియలేదు. ముఠాలోకి మనిషిని తీసుకోవడానికి, మానడానికి నువ్వెవరు అని ఆ రోజే అడగవలసింది. మొన్న తెలిసింది.

తల్లి పోయిందని షాజలీ ఊరికొచ్చాడు. పలకరించడానికి వెళ్ళి, వాళ్ళింట్లో కుంపటి దగ్గర కూర్చున్నాం.

"రయీస్ ఎలా ఉన్నాడు షాజలీ?" అన్నాను.

"భేషుగ్గా ఉన్నాడమ్మా. అరిచీ అరిచీ గొంతు పోయింది, సోంపు కషాయం తాగుతున్నాడు."

"ఈ వయసులో నాన్నకి అంత అరుపులెందుకయ్యా?"

"నాన్నగారు కాదమ్మా, రష్వాను..." అని నాలిక కరుచుకున్నాడు.

నేను వదలలేదు. "రయీస్ కర్ర ఎవరి చేతిలో ఉంది?"

"ఇప్పుడవన్నీ ఎందుకులే తల్లీ."

"నిన్నే, షాజలీ. కర్ర ఎవరి చేతిలో ఉంది?"

"మీ తమ్ముడి చేతిలో."

"మరి నాన్న?"

"గుడారం నీడన కుర్చీ వేశాం. కూర్చుంటాడు, టీ తాగుతాడు. ఆయనకే లోటూ లేదు."

"నువ్వు రష్వాన్‌ని ఏమని పిలుస్తున్నావు?"

టీ చల్లారిపోతోందన్నాడు. ఆ టీ తాగకుండానే లేచి లోపలికి వెళ్ళిపోయాడు. పరామర్శకి వచ్చినవాళ్ళ ముందు నా తల కొట్టేసినట్టయింది.

తాతయ్య మంచం పట్టినప్పుడు నీకు ఊహ లేదు, నాకు ఉంది. రెండు సీజన్లు నాన్నే మొత్తం పని నడిపాడు. ఎవరైనా నోరుజారి రయీస్ అంటే "రయీస్ ఇంట్లో ఉన్నాడు. నేను తుహామీని" అనేవాడు. తాతయ్య జనాజా లేచాకే ఆ మాటకి పలికాడు. ఊపిరి ఉన్న మనిషి నుంచి ఆ మాట తీసి ఇంకొకరికి పెట్టడమంటే గుఫ్త్‌లో అర్థం ఏమిటో నీకు తెలియదా? బతికుండగానే పాతిపెట్టడం. అది చేసింది కన్నకొడుకు!

ఇప్పుడన్నీ అర్థమవుతున్నాయి. కందీల్‌ని వద్దన్నది నాన్న కాదు. ఆయన వస్తే నీ వేషం బయటపడుతుందని నువ్వే వద్దన్నావు. దీవెనలు కూడా నువ్వు అల్లినవే. నా ఉత్తరాలు నాన్న చెవిన పడ్డాయో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఖవ్లీ సెలవిచ్చిన రోజున కందీల్ రైలెక్కుతాడు. మా నాన్నని ఇంటికి తెచ్చుకుంటాం. నువ్వు ఆ కర్ర పట్టుకుని ఊరేగు.

జవాబు అక్కర్లేదు.

తుహామీ కూతురు ఇన్సాఫ్


అబూ నఈమ్ దిబ్బ
1978 మార్చి 9

అక్కా,

జవాబు అక్కర్లేదన్నావు. అయినా రాస్తున్నాను. బావ నిన్న వచ్చాడు. ఈ ఉత్తరం కంటే ముందే నాన్న నీ దగ్గరికి చేరతాడు. చూసింది బావ నోటితో చెప్పలేడు, ఆయన సంగతి నీకు తెలుసు.

బావ నన్ను నాలుగు తన్నడానికే వచ్చాడు. వచ్చి నాన్న ముందు నిలబడి "మామా" అన్నాడు. నాన్న మర్యాదగా లేచి నిలబడి, "రా బాబూ, కూర్చో. ఏ రయీస్ మనిషివి నువ్వు?" అన్నాడు. బావ ఆ కుర్చీ పక్కనే మట్టిలో కూర్చున్నాడు. నన్ను తన్నలేదు.

పోయిన సీజన్ చివర్లో మొదలైంది ఈ మరుపు. ముందురోజు తనే అడుగు మట్టి తీయించిన గోడ కిందికి నాన్న మర్నాడు మనుషుల్ని దింపాడు. అడుగు తీయించిన సంగతి ఆయన మనసులో లేదు. గోడ ఒరిగింది. షాజలీ నడుం దాకా కూరుకుపోయాడు. గోళ్ళతో గీకి బయటికి లాగాం. నీ ముందు టీ తాగకుండా వెళ్ళిపోయాడే, ఆ షాజలీనే. నాన్న అందరినీ దగ్గరికి పిలిచి, "గుఫ్త్‌లో ఈ మాట పొక్కకూడదు. నేను రయీస్‌గానే పోవాలి" అని చేతులు పట్టుకున్నాడు. అంతటి మనిషి చేతులు పట్టుకుంటే ఎవరు కాదంటారు? అందరం ఒట్టేశాం. నేనూ వేశాను.

ఈ సీజన్ మొదట్నుంచీ ఆయన కర్ర పట్టుకుని ముందు నిలబడేవాడు. నేను వెనకాల. ఆయన "ఇక్కడ తవ్వండిరా" అంటే మనుషులు "అలాగే రయీస్" అని, ఆయన భుజం మీదుగా నా చెయ్యి చూసేవాళ్ళు. నేను ఎటు చూపిస్తే అటు తవ్వేవాళ్ళు. బావని అందుకే వద్దన్నాను. ఆయన చూస్తే నీకు తెలుస్తుంది, ఇచ్చిన మాట పోతుంది.

జనవరి నెలాఖరులో ఒకరోజు నాన్న ఉన్నట్టుండి వెనక్కి తిరిగాడు. నా చెయ్యి గాల్లో ఉంది. దించే వేళ లేకపోయింది. దాని వంక చాలాసేపు చూశాడక్కా. కోపం లేదు. నా దగ్గరికి నడిచొచ్చి కర్ర నా చేతిలో పెట్టి, ముఠా అంతా వినేట్టు "రయీస్ రష్వాన్, వీళ్ళకి పని చెప్పు" అన్నాడు.

"వద్దు నాన్నా, నువ్వుండగా..." అన్నాను.

"రెండు నోళ్ళు మాట్లాడితే గోడ మీద పడుద్ది. ఒక దిబ్బ మీద ఒకడే రయీస్. చెప్పవయ్యా పని."

ఆ మాట నేను లాక్కోలేదు. నాకు ముందుగా ఆ పేరు పెట్టి పిలిచింది నాన్నే. ఆ రోజు నుంచి ఇంకో పేరు పెట్టి పిలవడమే మానేశాడు. కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని, "రయీస్, మంచినీళ్ళు తాగి రావచ్చా?" అని అడుగుతాడు. "రయీస్, మా ఊరికి రైలు ఎప్పుడు?" అంటాడు. తనకి రష్వాన్ అనే కొడుకు ఉన్నాడన్న సంగతి ఆ మాట కింద ఎక్కడో పూడిపోయింది. ఎంత తవ్వినా దొరకడం లేదు. నా గొంతు పోయింది అరిచి కాదు.

నాకీ మాట వద్దక్కా. ఒక్కసారి "ఒరేయ్ గాడిదా" అంటే చాలు.

నవంబర్‌లో నిజంగానే అడిగాను, చీమకి ఏం రాయమంటావని. "చీమ పడుకుంది, లేపకు" అన్నాడు. ఆయనకి నువ్వింకా పసిదానివే. అది ఎలా రాయను? అందుకే దీవెనలని రాశాను. దీవెనలు ఎవరికైనా సరిపోతాయనుకున్నాను.

తలనొప్పి వస్తే గుడ్డ తడిపి కళ్ళ మీద వెయ్యి. టీలో చక్కెర తనే వేసుకోనీ, రెండోసారి వేసుకుంటుంటే కప్పు మార్చు.

రష్వాన్


గుఫ్త్
1978 ఏప్రిల్ 22

తమ్ముడూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేకపోయాను. మొదలుపెట్టినప్పుడల్లా నా పాత ఉత్తరం గుర్తొస్తుంది. అది ఉంటే చింపెయ్యి. ఉంచుకున్నా నేను అనడానికేమీ లేదు.

నాన్న వచ్చిన రోజున గుమ్మం దగ్గరే ఆగి, "అమ్మా, లోపలికి రావచ్చా? ఈ పని రయీస్ ఎవరు?" అన్నాడు. ఆయన కట్టించిన ఇల్లు. "నువ్వే నాన్నా" అన్నాను. "కాదమ్మా, నేను అప్పగించేశాను" అన్నాడు. మొదటి రోజుల్లో పొద్దున్నే లేచి, తలపాగా చుట్టుకుని, వీధి అరుగు మీద కూర్చునేవాడు. ఎవరైనా పనికి పిలుస్తారేమోనని. ఎండెక్కేదాకా చూసి లోపలికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం ముట్టేవాడు కాదు. పని చెయ్యనివాడికి తిండేమిటనేవాడు. దేవుడా, అప్పుడు నిన్ను తిట్టిన నోటితోనే నిన్ను తలుచుకుని ఏడ్చాను.

పని ముగించుకుని మనవాళ్ళు ఊరు చేరాక షాజలీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాన్నని చూసి, నా వంక చూశాడు. మర్నాడు పొద్దున్నే అయిదారుగురిని వెంటేసుకుని వచ్చాడు, పారలూ తట్టలూ పట్టుకుని. ఇంటి వెనక దొడ్డి ఉంది కదా, మేకల పక్కన. అక్కడ దారం లాగి గీత గీశారు. షాజలీ ఖర్జూరపు మట్ట చెక్కి కర్ర చేసి తెచ్చాడు. దాన్ని నాన్న ముందు పట్టుకుని నిలబడ్డాడు.

"రయీస్, మనుషులు వచ్చారు."

నాన్న ముట్టుకోలేదు. "రయీస్ రష్వాన్ ఉన్నాడయ్యా. ఒక దిబ్బ మీద ఒకడే."

"అతను ఆ దిబ్బ రయీస్. ఇది వేరే దిబ్బ కదా! దీనికి ఎవరూ లేరు."

నాన్న దొడ్డి వంక చూశాడు. వంగి గుప్పెడు మట్టి తీసి వేళ్ళతో నలిపాడు. తర్వాత కర్ర తీసుకున్నాడు. ముందుగా గోతిలోకి దిగింది షాజలీనే.

రోజూ అలాగే జరుగుతోంది. పొద్దుటిపూట తవ్వుతారు. నాన్న నిలబడి ఒకటే అరుపులు. మధ్యాహ్నం కడుపునిండా తిని పడుకుంటాడు. ఆయన లేచేలోపు అందరూ కలిసి గొయ్యి పూడ్చేసి ఇళ్ళకి పోతారు. ఎవరూ వచ్చి కూలి అడగలేదు, ఎవరినీ నేను పిలవలేదు. టీ ఒక్కటే ఇవ్వగలుగుతున్నాను. కందీల్ కూడా చెరకు తోటకి వెళ్ళేముందు కాసేపు తట్ట మోస్తున్నాడు. నేను కోరుకున్నది జరిగింది చూడు, మా ఆయన మా నాన్న కింద పని చేస్తున్నాడు. నిన్న ఆయన్ని తిట్టాడు కూడా. కందీల్ పొంగిపోయాడు.

నన్ను మాత్రం గుర్తుపట్టడు. టీ ఇచ్చే మనిషిని. ఇంకో సంగతి, ముఠాలో అందరినీ వరసగా చూసి, "ఒకడు తక్కువయ్యాడే" అంటాడు. ఎవరు నాన్నా అంటే చెప్పలేడు. చెయ్యి ఎత్తి పొడుగు చూపిస్తాడు. అది నీ పొడుగే.

నువ్వు దిబ్బ అప్పగించి వచ్చే నెల ఇంటికొస్తావు. అదే నా భయం. నిన్ను చూడగానే ఆ కర్ర నీ చేతిలో పెట్టి చేతులు కట్టుకుని నిలబడితే? మళ్ళీ అరుగు మీదికి వెళ్ళి గోడవైపు తిరిగితే? సొంత ఇంటికి రావద్దని నిన్ను అనగలనా? రమ్మని ఎలా అనను? నాకేమీ తోచడం లేదు తమ్ముడూ. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నీ అక్క
ఇన్సాఫ్


అబూ నఈమ్ దిబ్బ
1978 మే 7

అక్కకి,

దిబ్బ మూసేశాం. సర్కారు తనిఖీ అధికారి ముఫత్తిష్ వచ్చి గోదాము తలుపుకి లక్క ముద్ర వేసి వెళ్ళాడు. దానికి ముందే నాన్న కర్ర లోపల పెట్టేశాను. వచ్చే సీజన్‌దాకా అక్కడే ఉంటుంది. కాపలావాడు నన్ను రయీస్ అంటే, ఈ వేళ్టి నుంచి కాదన్నాను.

ముదీర్ వెళ్తూ నాన్న ఆరోగ్యం గురించి అడిగాడు. ఆ ప్రసంగం భాషలోనే, కానీ మధ్యలో ఆగిపోయాడు. ఆయనకి మొదటి నుంచీ తెలుసుననుకుంటాను. నా చెయ్యి ఆయనకీ కనబడే ఉంటుంది.

వచ్చే ఆదివారం రైలుకి బయల్దేరుతున్నాను. నువ్వేమీ భయపడకు. ఊళ్ళో నేను వస్తున్నానని చెప్పకు. షాజలీకి మాత్రం ఒక మాట చెప్పు, నన్ను చూడగానే ఎవరూ ఆ మాటతో పిలవకూడదు. కొత్త జుబ్బా వేసుకోను, పనికి కట్టుకునే పాతదే వేసుకొస్తాను. ముందు గుమ్మంలోంచి రాను. మేకల పక్కనుంచి దొడ్డిలోకి వస్తాను.

నాన్నకి ముందే చెప్పి ఉంచు, తట్ట మోసేవాడు ఒకడు పని కోసం వస్తున్నాడని. ఎవరి కొడుకని అడిగితే ఏమీ చెప్పకు. పని చూసి ఆయన్నే తేల్చుకోనీ.

తట్ట కుడి భుజం మీదే పెట్టుకుంటాను.

నీ తమ్ముడు
రష్వాన్